కిడ్నీ దాతల లెక్క వేరు
ఏమీ ఆశించని ప్రేమ ఉండదు, లోపల ఎక్కడో లెక్క ఉంటుందని ప్రేమ మీద రాసిన ఒక వ్యాసంలో చదివాను; ఆ వ్యాసకర్త మాట సగమే ఒప్పుకుంటాను. కిడ్నీ ఇచ్చేవాళ్లను చూడండి. 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం దగ్గరి బంధువు కానివాళ్లు ఇవ్వాలంటే అనుమతినిచ్చే ఆథరైజేషన్ కమిటీ ముందు డబ్బు చేతులు మారలేదని, అభిమానంతోనే ఇస్తున్నామని చూపించుకోవాలి. ప్రేమకు కాగితాలన్నమాట! ఆపైన క్రాస్‌మ్యాచ్ (ఇద్దరి రక్తం పొసగుతుందో లేదో చూసే పరీక్ష), సీటీ యాంజియో (కిడ్నీ రక్తనాళాలు చూసే స్కాన్), ఆపరేషన్, నెలన్నర దాకా బస్తాలెత్తకూడదు, ఏటా క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), బీపీ చూపించుకోవాలి. ఇంతా చేసి అవతలి ఒంట్లో అది నిలబడుతుందన్న హామీ లేదు. తేడా కొట్టేది ఇంట్లోనే. "అన్నకి నువ్వు కాక ఎవరిస్తారు" అని నలుగురూ చేరి ఒప్పిస్తే అది ప్రేమ కాదు, మొహమాటం. అందుకే మంచి డాక్టర్లు దాతను విడిగా కూర్చోబెట్టి అడుగుతారు; ఇష్టం లేదంటే, కారణం బయటపెట్టకుండా "ఈ దాత సరిపోరు" అని ఇంట్లోవాళ్లకు చెప్పేస్తారు. అలా తప్పుకునే దారి ఉండి కూడా టేబుల్ ఎక్కినవాళ్లకు ఏ లెక్క అంటగడతారు?