సవరణ: ఇంటి నుంచి ఓటుకు వయసు 80 కాదు, 85
80 దాటినవాళ్లు ఇంటి దగ్గరే ముందుగా ఓటేయొచ్చని, వద్దనుకుంటే పోలింగ్ రోజు బూత్‌కు వెళ్లొచ్చని మొన్న రాశాను. రెండూ తప్పే. ఎన్నికల నిబంధనల్లో 2024 మార్చిలోనే వయసును 85కు పెంచారు. కనీసం 40 శాతం వైకల్యం ఉంటే వయసుతో పనిలేదు. నోటిఫికేషన్ వచ్చిన 5 రోజుల్లోపు ఇంటి నుంచి ఓటు కోరే 12డి ఫారం బీఎల్వోకు (బూత్ స్థాయి అధికారికి) ఇవ్వాలి. అది ఆమోదం పొందితే జాబితాలో పేరు దగ్గర ‘పీబీ’ (పోస్టల్ బ్యాలెట్) అని పడుతుంది, ఇక బూత్‌లో ఓటు లేదు. ఓటు వేయించుకునే సిబ్బంది రెండోసారి వచ్చినప్పుడూ ఇంట్లో లేకపోతే అంతే సంగతులు.

కనిగిరి మే ఎండల్లో పెద్దవాళ్లకు ఇది మేలే. కాకపోతే ప్రచారం చివర్లో మనసు మారినా వేసిన ఓటు మారదు.

ఇంకోటి, ఓటేసింది తామేనని ఓటరు సంతకం చేసే 13ఏ డిక్లరేషన్‌ను బ్యాలెట్ ఉన్న చిన్న కవర్లో పెట్టకండి. లెక్కింపులో బయటి పెద్ద కవర్ తెరిచినప్పుడు అది కనబడకపోతే చిన్నదాన్ని విప్పకుండానే పక్కన పడేస్తారు.