మా నాన్న వకాల్తా, నా వకాల్తా

మా చిన్నప్పుడు నాన్న బడికి వచ్చింది రెండేసార్లు. చేర్పించడానికి ఒకసారి, టీసీ తీసుకోవడానికి ఒకసారి. చేర్పించిన రోజే మాస్టారికి సర్వహక్కులూ రాసిచ్చేశాడు: "కళ్లు రెండూ వదిలేసి తోలు ఊడదీయండి మాస్టారూ, మేమేమీ అనుకోం." క్లయింటు తరఫున కోర్టుకెక్కి, ఇంకాస్త గట్టి శిక్ష వేయమని జడ్జిని బతిమాలే వకీలు లోకంలో తెలుగు నాన్న ఒక్కడేనేమో.

మేం అలా కాదు. చదువుకున్నవాళ్లం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం గురించి తెలిసినవాళ్లం. అందులో 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టకూడదంటుంది, మానసికంగా వేధించకూడదంటుంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఫోన్లో దాచుకున్నాను. వాడతానని కాదు. ఇన్సూరెన్స్ పాలసీ బీరువాలో ఉంటే ఉండే ధైర్యం లాంటిది.

ఇక కేసు వివరాలు. మావాడు నాలుగో తరగతి. నెల రోజులుగా బస్సు దిగుతూనే బ్యాగు గుమ్మంలో పడేసి బాత్రూమ్‌కి పరుగెడుతున్నాడు. పొద్దున నింపి పంపిన నీళ్ల బాటిల్ సాయంత్రం నింపినట్టే తిరిగొస్తోంది. ఆరా తీస్తే తేలిందేమిటంటే, పీరియడ్ మధ్యలో పంపరు. ఇంటర్వెల్లో లైను వీడి దాకా వచ్చేసరికి బెల్లు కొడతారు. అందుకని వాడే ఒక పరిష్కారం కనిపెట్టాడు. నీళ్లు తాగడం మానేశాడు.

చట్టంలో ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరువేరు మరుగుదొడ్లు ఉండాలని రాసి ఉంది. మా స్కూల్లో ఉన్నాయి, టైల్స్‌తో సహా. అడ్మిషన్ రోజున తిప్పి చూపించారు కూడా. వాటిలోకి పిల్లల్ని వెళ్లనివ్వాలని కూడా విడిగా రాయాల్సి వస్తుందని పార్లమెంటుకు తట్టినట్టు లేదు.

విషయం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. టీచర్లు లేని గ్రూపు లెండి. రెండు నిమిషాల్లో ముప్ఫై బొటనవేళ్లు లేచాయి. "మావాడిదీ అదే బాధ." "అడగాల్సిందే సార్." "మీరు మాట్లాడండి, మీ వెనక మేమున్నాం." మాట తప్పలేదు. శనివారం మీటింగ్‌లో అందరూ నా వెనకే ఉన్నారు, క్యూలో.

నా ముందున్నాయన అరమార్కు కోసం పావుగంట పోరాడాడు. లెక్కల పేపరు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి, అది ఒకటి కాదు, ఏడేనని నిరూపించి మరీ గెలిచాడు. మనకు ధైర్యం లేదని ఎవరన్నారు?

నా వంతు వచ్చింది. కూర్చోమన్నారు. నాలుగో తరగతి బెంచీ. మోకాళ్లు గడ్డానికి తగులుతుంటే హక్కుల గురించి మాట్లాడటం ఎంత కష్టమో కూర్చున్నవాడికే తెలుస్తుంది.

"మేడమ్, ఒక చిన్న విషయం..."

"మీవాడి హ్యాండ్‌రైటింగ్ చూశారా సార్?"

"అదే చెబుదామని వచ్చాను మేడమ్."

మా ఆవిడ నా వైపు చూసింది. తనే అందుకుని బాత్రూమ్ సంగతి అడిగేసింది. "ఒకణ్ని పంపితే పదిమంది లేస్తారమ్మా. సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు?" అన్నారు టీచర్. పాపం, ఆవిడ గొంతు పొద్దుటి నుంచీ మాట్లాడి బొంగురుపోయి ఉంది. ఆవిడ మాత్రం ఎప్పుడు వెళుతుందో! నేను చటుక్కున "నిజమే మేడమ్" అన్నాను. ఇంకా గట్టిగా అడిగితే రేపు వాడి మీద చూపిస్తారేమోనని భయం. ఆ కంగారులో నా నోట్లోంచి మా నాన్న గొంతు వచ్చింది: "మాట వినకపోతే నాలుగు తగిలించండి మేడమ్, మేమేమీ అనుకోం."

జేబులో 17వ సెక్షన్ ఉంది. పక్కనే నా క్లయింటు నిలబడి ఉన్నాడు.

ప్రభుత్వ బడుల్లో పరిస్థితి వేరు. అక్కడ యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని చట్టం. మనలాగా లక్షలు పోసే ప్రైవేటు బడులకు ఆ నిబంధన లేదు. ఫీజు లేనిచోట కుర్చీ, ఫీజు కట్టినచోట క్యూ. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబర్ 7న ప్రభుత్వ బడులన్నిటా ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టి, తల్లులకు ముగ్గులు, తండ్రులకు తాడులాగుడు పోటీలు కూడా నిర్వహించారు. తాడులాగుడైతే నేనూ బాగానే లాగుతాను. అవతలి వైపు టీచర్ లేకపోతే చాలు.

మీటింగ్ ఫలితాలు: చేతిరాత క్లాసుకు నెలకు ఎనిమిది వందలు కట్టి వచ్చాం. గ్రూపులో "ఏమైంది సార్?" అని అడిగారు. "పాజిటివ్‌గా స్పందించారు" అని పెట్టాను. మళ్లీ ముప్ఫై బొటనవేళ్లు.

సోమవారం పొద్దున మా ఆవిడ బాటిల్ నింపుతోంది. వాడు షూ లేసు కట్టుకుంటూ తలెత్తకుండానే అన్నాడు.

"సగమే పొయ్యమ్మా. ఎలాగూ సాయంత్రం మోసుకురావాలిగా."