ఎప్పటికీ పన్నెండేళ్ళే

మా ఉత్తర టెక్సాస్‌లో గుర్రాలు అమ్మేవాళ్ళంత త్యాగమూర్తులు ఇంకెక్కడా ఉండరు. ప్రతి ప్రకటనలోనూ ఒకటే మాట: "దీని తప్పేమీ లేదు, అయినా అమ్ముకోవలసి వస్తోంది." ఒకాయనకు విడాకులు. ఒకావిడకు మోకాలి నొప్పి. మిగిలిన అందరి అమ్మాయిలూ కాలేజీకి వెళ్ళిపోయారు. డెంటన్ చుట్టుపక్కల ఇంతమందికి సరిపడా సీట్లు ఉన్నాయా అన్న సందేహం వచ్చింది గానీ, త్యాగమూర్తులను శంకించడం పాపం.

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. కూచిపూడి మానేసి గుర్రం కావాలంది. క్వార్టర్ హార్స్ అయితే నెమ్మదని అందరూ చెప్పారు. పావు మైలు పరుగులో ఎదురులేనిది కనుక దానికా పేరు వచ్చిందన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఈ జాతికి 1940లో పుట్టిన ఒక సంఘం కూడా ఉంది. అమరిల్లోలో కూర్చుని గుర్రం గుర్రానికీ తల్లిదండ్రుల పేర్లతో, ఒంటి మచ్చలతో కాగితాలిస్తుంది. మన పెళ్ళి సంబంధాల్లో కూడా ఇంత విచారణ ఉండదు.

అలాంటి ఒక ప్రకటన చూసి మేము వెళ్ళేసరికి ఉదయం ఎనిమిది. అప్పటికే జీను కట్టి ఉంది. జీను కింద చెమట. జనవరిలో! "మీకోసం ముస్తాబు చేశాను" అన్నారు అమ్మే ఆవిడ. తల వాల్చి, కింది పెదవి వేలాడేసి, అరమోడ్పు కన్నులతో, ఏదో ఆశ్రమం నుంచి నేరుగా వచ్చినట్లు నిలబడి ఉంది గుర్రం. మా అమ్మాయి ముక్కు నిమిరింది. చలనం లేదు. నేను చప్పట్లు కొట్టాను. చలనం లేదు. రోడ్డు మీద లారీ హారన్ మోగితే ఉలిక్కిపడింది అమ్మే ఆవిడే. "చూశారా, బాంబు పేలినా కదలదు!" అన్నారు. బాంబు మాటేమో గానీ, కదలదన్నది నిజం.

వయసు? పన్నెండు. అంతకుముందు చూసిన ఐదింటికీ పన్నెండే. మా తాతయ్య సంతలో ఎద్దు పళ్ళు లెక్కపెట్టి, సుళ్ళు చూసి, తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరమాడేవారు. నేను కంప్యూటర్ ముందు బతికేవాణ్ణే అయినా రక్తం ఊరుకోలేదు, పెదవి ఎత్తి చూశాను. పళ్ళు ముసలి గుర్రానికి మల్లే పారల్లా ముందుకు పొడుచుకొచ్చాయి. "ఎండుగడ్డి ఎక్కువ తింటుంది లెండి" అన్నారు. కాగితాలు చూపించారు. కాగితంలోని గుర్రానికి నుదుట తెల్లని చార, నాలుగు కాళ్ళూ ఎరుపు. ఎదుట ఉన్నదానికి నుదురంతా ఎరుపు, వెనుక ఎడమకాలికి తెలుపు. పైనుంచి కిందికి జారినట్లుంది. "పెరిగేకొద్దీ మారుతుంటాయి" అన్నారు, కన్నార్పకుండా. ధర తొమ్మిది వేల డాలర్లు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నారు పెద్దలు, ధర కూడా తప్పదని ముందే చెప్పి ఉంటే బాగుండేది.

ఒకసారి పరిగెత్తించమంటే నేల గట్టిగా ఉందన్నారు. పశువైద్యుణ్ణి తెచ్చుకుంటాను, రక్తపరీక్ష చేయిస్తాను అన్నాను. వెంటనే, సాయంత్రం నాలుగింటికి ఇంకొకాయన నగదు పట్టుకుని వస్తున్నారని తెలిసింది. ఆయనను నేనెరుగుదును. శంషాబాద్‌లో స్థలం చూసినప్పుడు కూడా సరిగ్గా నాలుగింటికే వచ్చాడు.

రక్తం తీయనివ్వలేదు కనుక ఆ గుర్రానికి ఏమి పెట్టారో ప్రమాణం చేసి చెప్పలేను. ఈ వ్యాపారంలో ఏమి పెడతారో మాత్రం తెలుసు. కుంటు కనిపించకుండా దాణాలో ఫెనైల్‌బ్యుటజోన్ అనే నొప్పి మందు. తల ఎగరెయ్యకుండా మత్తుమందు. చాలకపోతే తెల్లవారుజామున తాడు కట్టి, అలిసిపోయేదాకా గుండ్రంగా పరిగెత్తించడం. గిట్టలో ఎముక చెడిపోయిన జీవి మీదికి తొమ్మిదేళ్ళ పిల్లను ఎక్కించి "ఫోటో తీసుకోండి" అనడానికి నోరెలా వస్తుంది? మందు దిగిపోయాక పిల్ల కింద పడుతుంది. పడేసిందని తప్పు గుర్రం మీదికే వస్తుంది. కొన్నవాడూ అదే ప్రకటన రాసి ఇంకొకడికి అంటగడతాడు. అలా చేతులు మారి మారి వేలం దొడ్డికి చేరుతుంది. 2007లో టెక్సాస్‌లోని చివరి రెండు గుర్రపు కబేళాలు మూతపడ్డాయి. ఆ తర్వాత లారీలు మెక్సికో దారి పట్టాయి, అంతే తేడా. బతుకంతా మనుషుల్ని మోసినదాన్ని ఆఖరికి కిలోల లెక్కన తూస్తారు, సిగ్గులేని మనుషులు.

మూడు వారాల తర్వాత ఇంకో ఊరి నుంచి ఒక ప్రకటన కనిపించింది. వెనుక ఎడమకాలికి అదే తెలుపు, వేలాడే అదే పెదవి. పేరు మారింది. ఈ ఇంటి అమ్మాయి కూడా కాలేజీకి వెళ్ళింది. గుర్రం వయసు పదకొండు.