బతికుంటే బలుసాకు తినొచ్చు

మనిషి స్వభావాన్ని తూచిన పెద్దల్లో నా ఓటు ఇంగ్లండ్ తత్వవేత్త థామస్ హాబ్స్‌కే. 1588లో స్పెయిన్ నౌకాదళం దండెత్తి వస్తోందన్న పుకారుకి తల్లి హడలిపోయి, నెలలు నిండకుండానే ఈయన్ని కన్నదట. 'మా అమ్మకి కవలలం, నేనూ భయమూ' అని ఆయనే రాసుకున్నాడు. భయం గురించి రాసే అర్హత ఇలా పుట్టుకతో రావాలి.

1640లో రాజుకీ పార్లమెంటుకీ చెడుతోందని వాసన తగలగానే పారిస్ చెక్కేశాడు. పారిపోయినవాళ్లలో తానే మొదటివాణ్ణని చెప్పుకున్నాడు కూడా. అక్కడ కూర్చుని రాసిన 'లెవయతన్' 1651లో అచ్చయింది. మన అమ్మమ్మలు మూడు మాటల్లో తేల్చిన బలుసాకు సిద్ధాంతానికి ఈయనకి నాలుగు భాగాలు పట్టింది. ప్రభుత్వం లేకపోతే మనిషి బతుకు ఒంటరిది, దరిద్రమైనది, రోత, పశుప్రాయం, పైగా పొట్టిది. (పొట్టిదన్న పెద్దమనిషి 91 ఏళ్లు బతికాడు, డెబ్బై దాటాక కూడా టెన్నిస్ ఆడాడు. అంతా ప్రభుత్వం చలవే అయ్యుంటుంది.) కాబట్టి అందరం కూడబలుక్కుని అధికారమంతా ఒకరి చేతిలో పెట్టి, నోరు మూసుకోవాలి.

నమ్మరా? రాత్రి తలుపుకి గడియ పెడతారు కదా, ఊళ్లోవాళ్ల మీద మీ అభిప్రాయం అది. ఇంట్లో పెట్టెకీ తాళం వేస్తారే, అది సొంత పిల్లల మీద. ఈ వాదన ఆయనదే. మా ఇంట్లో జీడిపప్పు డబ్బా ఏ అరలో ఉంటుందో నాకు ఇప్పటికీ తెలియదు కాబట్టి నా దగ్గర దీనికి జవాబు లేదు.

తమాషా ఏమిటంటే, ఈ పుస్తకం మీద మండిపడినవాళ్లలో పారిస్‌లో తలదాచుకున్న రాజుగారి మనుషులూ ఉన్నారు. అందులో చిన్న మెలిక ఉంది మరి: కాపాడగలిగినంత కాలమే విధేయత. రాజుగారి తల 1649లోనే పార్లమెంటు పక్షం చేతిలో తెగింది, పట్టానికి రావాల్సిన కొడుకు పరాయి దేశంలో ఉన్నాడు, ఇక ఎవరిని కాపాడతాడు? హాబ్స్ మళ్లీ మూట సర్దుకున్నాడు. ఈసారి ఇంగ్లండ్‌కే, ఆ తల తీసినవాళ్ల పాలనలోకే. రాసినదాన్ని ఇంత నిష్ఠగా ఆచరించేవాళ్లు అరుదు.

తర్వాత జాన్ లాక్ అనే మరో ఇంగ్లీషు తత్వవేత్త వచ్చి పేచీ పెట్టాడు. అడవిపిల్లులకీ నక్కలకీ జడిసి సింహం నోట్లో తల పెట్టడమేమిటన్నాడు. కంచే చేను మేస్తే తిరగబడే హక్కు జనానికి ఉందన్నాడు. మంచి ధైర్యం. ఈ మాటలున్న పుస్తకం 1689 చివర్లో అచ్చయింది, దాని మీద రచయిత పేరు మాత్రం లేదు. అది తనదేనని 1704లో, పోయే ముందు, వీలునామాలో ఒప్పుకున్నాడు.

భయానికి కవల సోదరుడు 'లెవయతన్' మీద పేరుతో పాటు ఊరు కూడా వేయించుకున్నాడు: మామ్స్‌బరీ థామస్ హాబ్స్.