ముఖచిత్రం తర్వాతి నెల

2002 ఫిబ్రవరిలో ‘స్పోర్ట్స్ ఇల్లస్ట్రేటెడ్’ పత్రిక ముఖచిత్రంగా బాస్కెట్‌బాల్ ఆడే ఒక హైస్కూలు కుర్రాడి ఫొటో వేసింది. పేరు లెబ్రాన్ జేమ్స్, ఊరు అమెరికాలోని ఒహాయో రాష్ట్రానికి చెందిన ఆక్రన్, వయసు 17. స్కూలు చదువు ఇంకా ఏడాదికి పైగా మిగిలి ఉండగానే అతన్ని భవిష్యత్తు ఎంచుకున్న వీరుడిగా నిలబెట్టింది ఆ శీర్షిక. మరుసటి నెల రాష్ట్ర ఛాంపియన్‌షిప్ ఫైనల్లో అతని జట్టు సెయింట్ విన్సెంట్–సెయింట్ మేరీ 71–66తో రోజర్ బేకన్ స్కూలు చేతిలో ఓడిపోయింది.

లెబ్రాన్ తొలి రోజుల గురించి రాసేవాళ్లు సాధారణంగా ఆ ముఖచిత్రం దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం ఆ ఓటమి దగ్గర ఆగాలనిపిస్తుంది. అంతకుముందు రెండేళ్లూ రాష్ట్ర టైటిల్ గెలిచిన జట్టది. ఆ ఏడాది గర్వం తలకెక్కిందని తర్వాత ఆ కుర్రాళ్లే ఒప్పుకున్నారు. 17 ఏళ్ల పిల్లలకు గర్వం రావడంలో వింతేమీ లేదు. ఆ పొగడ్తలన్నీ కుమ్మరించింది పెద్దవాళ్లే కదా.

ఆ గర్వం అతన్ని ఎందుకు ముంచేయలేదు? జవాబు అతని ఎత్తులోనో ఎగిరే శక్తిలోనో కాదు, ఆ స్కూలుకు అతను వచ్చిన తీరులో ఉందని నా నమ్మకం. లెబ్రాన్ బాల్యం నిలకడ లేనిది. నాలుగో తరగతిలో 83 రోజులు బడికే వెళ్లలేదు. చిన్నప్పటి జట్టులో కలిసిన స్నేహితుల్లో డ్రూ జాయిస్ అందరికంటే పొట్టివాడు. ఈ స్నేహితులంతా చేరతారని ఊళ్లో అందరూ అనుకున్న హైస్కూల్లో తన ఎత్తు చూసి ఆడనివ్వరేమోనని డ్రూ సెయింట్ విన్సెంట్ వైపు మొగ్గాడు. లెబ్రాన్‌తో సహా మిగతా ముగ్గురు స్నేహితులూ అతని వెంటే నడిచారు. కాబోయే మహా ఆటగాడు స్కూలును ఎంచుకున్నది ఒక పొట్టి స్నేహితుడి కోసం! 2000 రాష్ట్ర ఫైనల్లో బెంచీ మీద నుంచి లేచి వచ్చిన ఆ డ్రూ ఏడు సార్లు మూడు పాయింట్ల షాట్ వేశాడు. ఏడూ బుట్టలో పడ్డాయి. ఆ సీజన్లో జట్టు ఆడిన 27 మ్యాచ్‌లూ గెలిచింది.

పక్కనే ఇంకో కథ ఉంది. 2001 వేసవిలో న్యూజెర్సీలో జరిగిన ఒక శిబిరానికి లెన్నీ కుక్ దేశంలోనే మేటి హైస్కూలు ఆటగాళ్లలో ఒకడన్న పేరుతో వచ్చాడు. అక్కడ ఆఖరి క్షణంలో లెబ్రాన్ పరుగు మీద వేసిన షాట్‌తో లెన్నీ జట్టు ఓడింది. మరుసటి ఏడాది లెన్నీ అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కు, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమానికి, పేరు ఇస్తే ఒక్క జట్టూ తీసుకోలేదు. ఒకరిది ప్రతిభ, మరొకరిది కాదు అని తేల్చేయడం అన్యాయం. 18 ఏళ్ల వయసులో ప్రతిభకు కాపలా కాసే మనుషులు కావాలి. ఆ మనుషులు దొరకడం కుర్రాడి చేతిలో లేని విషయం.

డబ్బు సంగతి వచ్చేసరికి నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. లెబ్రాన్ ఆట చూసే జనం పట్టక మ్యాచ్‌లను ఆక్రన్ విశ్వవిద్యాలయం స్టేడియానికి మార్చారు. టికెట్లు అమ్మారు, జాతీయ టీవీలో ప్రసారం చేశారు. 2003 జనవరిలో అదే కుర్రాడు ఒక దుకాణం వాళ్లిచ్చిన రెండు పాతకాలపు జెర్సీలు తీసుకున్నాడని, వాటి విలువ 845 డాలర్లని, రాష్ట్ర క్రీడా సంఘం అతన్ని ఆటకు అనర్హుడిగా ప్రకటించింది. నియమం ఉన్న మాట నిజమే. కానీ ఆ ఆట మీద పెద్దలు సంపాదించడానికి అడ్డురాని నియమం, ఆడే పిల్లవాడి ఒంటి మీది చొక్కాకు అడ్డు వచ్చింది. కోర్టు జోక్యంతో తిరిగి బరిలోకి దిగిన రోజున అతను 52 పాయింట్లు చేశాడు.

2005లో ఎన్‌బీఏ కొత్త నిబంధన తెచ్చింది. అమెరికా కుర్రాళ్లు డ్రాఫ్ట్‌లోకి రావాలంటే ఆ క్యాలెండర్ ఏడాదిలో 19 ఏళ్లు నిండాలి, స్కూలు ముగిసి ఏడాది గడవాలి. దీంతో చాలామంది ఒక్క ఏడాది కళాశాలలో ఆడి వెళ్లిపోవడం మొదలైంది. నా దృష్టిలో ఇది గడువును జరిపిందే తప్ప కుర్రాడి చుట్టూ ఉండాల్సిన మనుషులను ఇవ్వలేదు.

2002లో ఆ ఫైనల్ ఓడినప్పుడు, స్కూలు జట్టు ప్రధాన కోచ్‌గా డ్రూ వాళ్ల నాన్నకు అది మొదటి ఏడాది. చిన్నప్పటి నుంచి ఆ పిల్లలకు ఆట నేర్పింది ఆయనే. ఓటమి తర్వాత కూడా జట్టు పగ్గాలు ఆయన చేతిలోనే ఉన్నాయి. పిల్లలూ ఆయనను వదల్లేదు. 2003 మార్చిలో మళ్లీ ఫైనల్‌కు వచ్చారు. ఈసారి గెలిచారు. స్కోరు 40–36. ఆ ముఖచిత్రం చూసి వచ్చిన ప్రేక్షకుడికి చప్పగా తోచే మ్యాచ్ అది. మూడు నెలల తర్వాత డ్రాఫ్ట్‌లో మొట్టమొదటగా పిలిచిన పేరు లెబ్రాన్‌దే.