వరానికి ‘మే’, వాతకు ‘విల్’

ఆంగ్ల భాషలో జరగబోయే పరిణామాలను సూచించే సహాయక క్రియలను హన్మకొండలో బోధిస్తున్న తీరుపై ప్రభుత్వం వెంటనే ఒక నిపుణుల సంఘాన్ని నియమించాలని ఎంతో బాధ్యతతో కోరుతున్నాను. నక్కలగుట్ట నుంచి కిషన్‌పుర దాకా ఏ స్పోకెన్ ఇంగ్లీషు కేంద్రం మెట్లెక్కి చూసినా బోర్డు మీద దాదాపు ఒకే లెక్క కనిపిస్తుంది. పైన ‘విల్’ నూరు శాతం, నడుమ ‘మే’ యాభై శాతం, అడుగున ‘మైట్’ ముప్పై శాతం. ఈ శాతాలను ఏ కాంటా మీద తూచారో సారు చెప్పడు, పిల్లలు అడగరు. “మే అంటే డౌటు తక్కువ, మైట్ అంటే డౌటు ఎక్కువ, రాస్కోండ్రి” అని ఆయన అంటాడు, వాళ్లు రాసుకుంటారు, ఫీజు రసీదు మీద మాత్రం డౌటుకు తావులేని భాషలో ‘కట్టిన సొమ్ము వాపసు ఇవ్వబడదు’ అని అచ్చయి ఉంటుంది.

వ్యాకరణం వరకు వారు చెప్పేదాంట్లో పెద్దగా తప్పు లేదు. ‘ఇఫ్’తో మొదలయ్యే షరతులో వర్తమాన కాలం ఉండాలి, ఫలితం చెప్పే భాగంలో విల్, మే, మైట్, కుడ్‌లలో ఒకటి రావాలి, షరతులోనే విల్ దూర్చి ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్’ అని రాస్తే మార్కు పోతుంది. ఈ క్రియల వెనుక వచ్చే అసలు క్రియకు ఏ ప్రత్యయమూ తగిలించకూడదు. జరిగే ఆస్కారం తక్కువగా ఉన్న ఊహకు ‘వుడ్’ వాడాలి, జరగకుండానే పోయినదానికి ‘వుడ్ హావ్’ వాడాలి. మే, మైట్‌ల నడుమ తేడా ఈనాటి వాడుకలో చాలావరకు చెరిగిపోయింది గనుక, బోర్డు మీది ఆ ఇరవై శాతం ఎటు పోయిందో తేల్చే పనిని మరో ఉపసంఘానికి అప్పగించుకుందాం.

నా అభ్యంతరం వేరు. సంభావ్యతను బట్టి ఈ క్రియలను ఎంచుకుంటారన్న సిద్ధాంతం వాన గురించీ క్రికెట్ గురించీ మాట్లాడుకునే జనానికి సరిపోతుందేమో గాని, నోటీసులు అందుకుని బతికే జనానికి సరిపోదు. ఇక్కడ ఏ క్రియ పడుతుందన్నది ఆ పని జరిగే అవకాశాన్ని బట్టి కాక, జరిగితే అది ఎవరి మెడకు చుట్టుకుంటుందన్న దాన్ని బట్టి తేలుతుంది. గడువులోగా బిల్లు కట్టకపోతే కనెక్షన్ ‘విల్ బీ డిస్‌కనెక్టెడ్’. బిల్లే తప్పుగా వచ్చింది మహాప్రభో అని దరఖాస్తు పెట్టుకుంటే అది ‘మే బీ కన్సిడర్డ్’. ఆపరేషన్‌కు ముందు సంతకం పెట్టించుకునే కాగితంలో రాగల ముప్పులన్నీ ‘మే అకర్’, కౌంటరులో కట్టవలసిన అడ్వాన్సు మాత్రం ‘షల్ బీ పెయిడ్’. ఎదుటివాడిని కట్టేసే మాటకు విల్, తనను కట్టేసే మాటకు మే అన్న ఈ సూత్రాన్ని ఒక్కసారి పట్టుకున్న విద్యార్థికి ఇక శాతాల అవసరం ఉండదు.

ఇదేదో మన గుమాస్తాలే కనిపెట్టారని పొంగిపోనక్కర లేదు. అమెరికాలో 1966లో సిగరెట్ పెట్టెల మీద తొలిసారి హెచ్చరిక అచ్చువేసినప్పుడు, పొగ తాగడం ఆరోగ్యానికి హానికరం ‘మే బీ’ అని ఊరుకున్నారు. ఆ మేను తొలగించి, అది ప్రమాదకరమేనని నేరుగా రాయించడానికి మరో చట్టం కావలసి వచ్చింది, 1970 దాకా ఆగవలసి వచ్చింది. ఈలోగా పొగాకు గుణంలో వచ్చిన మార్పేమీ లేదు.

అయితే ఈ శాస్త్రంలో ఓరుగల్లు ప్రాంతానికి ఉన్న అనుభవం ముందు అమెరికా పొగాకు వ్యాపారులు ఒకటో తరగతి పిల్లల కింద లెక్క. మన రాష్ట్రం పుట్టుకే ఒక సహాయక క్రియ మీద ఆధారపడింది. రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం పార్లమెంటు చట్టం ద్వారా కొత్త రాష్ట్రాన్ని ఏర్పాటు చేయడం ‘మే’. రాష్ట్రపతి సిఫారసు లేకుండా ఆ బిల్లును ప్రవేశపెట్టకూడదనడం ‘షల్’. ఇవ్వడం వారి ఇష్టం, ఆపే నియమం మాత్రం తప్పనిసరి. ఈ వాక్యాన్ని కోచింగ్ కేంద్రాల్లో మొదటి రోజునే రాయించి ఉంటే, ఎంతోమంది ఉద్యమకారులు లాఠీ దెబ్బలు తిన్న తర్వాత నేర్చుకున్న వ్యాకరణం ముందుగానే వచ్చి ఉండేది.

2009 డిసెంబరు 9 రాత్రి కేంద్ర హోంమంత్రి చదివిన ప్రకటనను కూడా పాఠ్యాంశంగా పెట్టాలి. తెలంగాణ రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ ‘విల్ బీ ఇనిషియేటెడ్’ అని ఆయన అన్నారు. నక్కలగుట్ట లెక్కన విల్ అంటే నూరు శాతం గనుక మనం రంగులు చల్లుకున్నాం. శ్రద్ధగా చదివిన వ్యాకరణవేత్త ఎవరైనా ఉంటే, ఆ వాక్యంలో ఏర్పడేది రాష్ట్రం కాదని, మొదలయ్యేది ప్రక్రియేనని, మొదలుపెట్టేవాడెవరో చెప్పకుండా కర్మణి ప్రయోగం చాటున దాచారని ఆ రాత్రే గుర్తించి, రంగు కొనకుండా పొదుపు చేసి ఉండేవాడు. సరిగ్గా రెండు వారాలకే, డిసెంబరు 23న, విస్తృత సంప్రదింపులు అవసరమన్న మరో ప్రకటన వచ్చింది. ఆ విల్‌కు తగిన ఫలితం 2014 జూన్ 2న దక్కింది.

ఆ రాష్ట్రాన్ని ఇచ్చిన ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టంలో పదమూడో షెడ్యూలు ఉంది. సహాయక క్రియల మీద ఎవరైనా పరిశోధన చేయదలిస్తే లండన్ పోనక్కర లేదు, ఈ షెడ్యూలు ముందు కూర్చుంటే చాలు. అందులో భారతీయ రైల్వే ఆరు నెలల్లోగా తెలంగాణలో కోచ్ ఫ్యాక్టరీ స్థాపనకు గల సాధ్యాసాధ్యాలను ‘షల్ ఎగ్జామిన్’ అని, త్వరితగతిన నిర్ణయం తీసుకోవాలని ఉంది. షల్‌ను చూసి కాజీపేట మురిసిపోయింది. కాని దాని పక్కన నిలబడిన క్రియ కట్టడం కాదు, పరిశీలించడం. చట్టాల భాషలో షల్‌కు మించిన బలవంతుడు లేడు, ఆ బలవంతుడికి అప్పగించిన పని ఫైలు తెరిచి చూడటం. ఆనాటి ఖమ్మం జిల్లాకు రాసిన ఉక్కు కర్మాగారానిదీ అదే వాక్యం. ఆ కర్మాగారం కోసం జనం ఎదురుచూసిన బయ్యారం ఆ తర్వాత మహబూబాబాద్ జిల్లాలోకి మారింది గాని, పరిశీలన నుంచి కొలిమిలోకి మారలేదు. అదే షెడ్యూలులో తెలంగాణలో 4000 మెగావాట్ల విద్యుత్కేంద్రం విషయంలో షల్ పక్కన ‘ఎస్టాబ్లిష్’ అన్న క్రియ పడింది, రామగుండంలో తొలి దశగా 1600 మెగావాట్లు లేచి నిలబడ్డాయి. ఆ ఒక్క చోట షల్‌ను అంత నిర్లక్ష్యంగా వాడినదెవరో కనుక్కుని, వారి సర్వీసు రికార్డులో ఏమి రాశారో చూడాలని నాకు ఆసక్తిగా ఉంది.

కాజీపేట సంగతి ఇంకొంచెం లోతైనది. 1980లలో ఇక్కడికి రావలసిన కోచ్ ఫ్యాక్టరీ పంజాబులోని కపుర్తలాకు వెళ్లిపోయిందన్నది ఈ ఊళ్లో ప్రతి ఇంటా చెప్పుకునే మాట. ‘వుడ్ హావ్’ అనే ప్రయోగాన్ని ఇంగ్లండులో పిల్లలు పుస్తకం చూసి నేర్చుకుంటారు. ఇక్కడ టీ కొట్టు బల్ల మీద కూర్చుని నేర్చుకుంటారు. “గప్పుడు ఫ్యాక్టరీ అచ్చి ఉంటే, నేను సుత డ్యూటీల చేరి, ఇయ్యాల పింఛిని తీసుకుంటుండేటోన్ని” అని ఒక పెద్దమనిషి నిట్టూర్చినప్పుడు, జరగని షరతూ, దాన్నుంచి పుట్టని ఫలితమూ, ఆ ఫలితం నుంచి ఈనాటికీ అందని సొమ్మూ ఒకే వాక్యంలో ఇమిడిపోతాయి. 2023 జులై 8న ప్రధానమంత్రి కాజీపేట రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన చేయడంతో ఈ ప్రయోగం గత కాలం నుంచి భవిష్యత్తులోకి మారింది. పెద్దమనుషులు మాత్రం అలవాటు కొద్దీ ఇంకా వుడ్ హావ్‌లోనే మాట్లాడుతున్నారు, వారిని తప్పుపట్టలేం.

వరంగల్‌లోని ఏనుమాముల వ్యవసాయ మార్కెట్లో ఈ శాస్త్రం మరింత ముదిరి, సహాయక క్రియల అవసరమే లేని దశకు చేరింది. పత్తిలో తేమ 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర, ఆపైన కోత, 12 శాతం దాటితే భారత పత్తి సంస్థ కొనదు. ఈ వాక్యంలో మే లేదు, మైట్ లేదు. అదే రైతు “రేపు ధర పెరుగుతదా సేటూ?” అని అడిగితే అడ్తిదారు నోట అప్పటిదాకా లేని మైట్ ఎక్కడి నుంచో ప్రత్యక్షమవుతుంది. జెండా పాటలో, అంటే ఆ రోజు తొలి వేలంలో, పలికిన ధర అందరికీ దొరుకుతుందా అన్న ప్రశ్నకు ఆయన ఏ క్రియా వాడడు, బస్తాలోంచి నాలుగు పింజలు తీసి నలిపి చూస్తాడు.

న్యాయస్థానాల పట్ల మాత్రం నాకు ఫిర్యాదు లేదు. చట్టంలో మే అని ఉన్నా సందర్భాన్ని బట్టి దాన్ని షల్‌గా చదవవలసి ఉంటుందని అవి పలుమార్లు చెప్పాయి. ఆ చదువు మనకు కూడా అందాలంటే వకీలు ఫీజు, వాయిదాలు, కొంచెం దీర్ఘాయువు ఉండాలి.

కనుక నా ప్రతిపాదన ఇది. శాతాల పట్టికను బోర్డుల మీది నుంచి తుడిపించి, విల్ పాఠాన్ని బిల్లు కౌంటరు ముందు వరుసలోనూ, మే పాఠాన్ని ఫిర్యాదుల పెట్టె దగ్గరా, షల్ పాఠాన్ని బయ్యారం గుట్టల మీదా, వుడ్ హావ్ పాఠాన్ని కాజీపేట జంక్షన్ ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీదా నిర్వహించాలి. బోధకులుగా అనుభవజ్ఞులైన స్థానిక పెద్దలనే నియమించాలి. వారికి గౌరవ వేతనం చెల్లించే విషయం నిధుల లభ్యతను బట్టి పరిశీలించవచ్చును. తరగతికి ఆలస్యంగా వచ్చిన వారిపై మాత్రం కఠిన చర్యలు తీసుకొనబడును.