టిక్ అన్న హారన్ గారికి

మహారాజశ్రీ హారన్ గారికీ, వారి తమ్ముడుగారికీ నమస్కారాలు.

ఈ సాయంత్రం పక్క సందులోంచి కారు నా బైకు మీదికి దూసుకొచ్చినప్పుడు తమరు సెలవిచ్చిన మాట "టిక్". మరో మాటేదీ వినపడలేదు కాబట్టి బాగా గుర్తుంది. ఆ టిక్ కూడా తమరిది కాదు, సీటు కింద కూర్చుని, బటన్ నుంచి చిన్న కరెంటు అందగానే తమరికి పెద్ద కరెంటు వదిలే స్విచ్చు, అదే రిలేది. పాపం దాని పని అది చేసింది.

మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలుపెట్టి ఐదున్నర దాకా తమరి సేవలోనే ఉన్నాను. అంతకు ముందు రెండు వారాలు తమరిని ఎంచుకోవడానికే పోయాయి. కంప్రెసర్‌తో గాలి ఊదే రకం కొందామంటే అది లాగే కరెంటుకి నా చిన్న బ్యాటరీ ఏడుస్తుంది. పళ్ళెంలాంటి డిస్క్ హారన్ చాలనుకుంటే మనసు ఒప్పలేదు. చివరికి నత్తగుల్లలా మెలితిరిగిన తమరి జంట నచ్చింది. ఒకరిది లావు గొంతు, మరొకరిది సన్న గొంతు. ఇద్దరూ కలిసి అరిస్తే కారు వస్తోందనుకుని జనం తప్పుకుంటారని ఆశ. బైకు ఎక్కినవాడిని కారులో ఉన్నవాడని భ్రమపెట్టడానికి ఇంత కష్టపడ్డానని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు.

డబ్బా మీద 118 డెసిబెల్స్ అని అచ్చేశారు. ఎంత దూరంలో నిలబడి కొలిచారో మాత్రం రాయలేదు. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతాయి. ఒక మీటరు దగ్గర 118 ఉంటే, ఎనిమిది మీటర్ల అవతల అద్దాలు బిగించుకుని పాటలు వింటున్నవాడి కారు దగ్గరికి చేరేసరికి మిగిలేది 100. చెవి పెట్టుకుని కొలిచి ఉంటే ఆ లెక్క దేవుడికే తెలియాలి. సర్లెండి, ఇది చిన్న విషయం.

తమరిని ఎక్కడ కూర్చోబెట్టాలన్నది ఇంకో ప్రహసనం. పాత హారన్ ఉన్న చోట బిగిస్తే, హ్యాండిల్ ఎడమకి పూర్తిగా తిప్పగానే ఫోర్క్ తమరి మూతికి తగిలింది. పక్కకి జరిపి, ముందు బ్రేకు పట్టుకుని బండిని కిందికి నొక్కి చూస్తే ఈసారి మడ్‌గార్డ్ తగిలింది. నోరు కిందికి ఉంటేనే వాననీళ్ళు నిలవవట, కాబట్టి ఎలా పడితే అలా తిప్పడానికీ లేదు. బ్రాకెట్ మూడుసార్లు వంచాను. నాలుగోసారి వంచితే విరుగుతుందని భయమేసి ఆగాను.

వైరింగ్‌లో మాత్రం నేను ఏ తప్పూ చేయలేదు. అదే నా బాధ. తమరిద్దరూ లాగే కరెంటు మొత్తం పాత బటన్ గుండా పంపితే అది కాలిపోతుందని రిలే పెట్టాను. రిలే పిన్నుల మీదున్న నంబర్ల ప్రకారం పాత హారన్ తీగలు రెండూ 85కీ 86కీ, బ్యాటరీ నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజ్ దాటుకుని వచ్చిన తీగ 30కీ, తమరికి వెళ్ళేది 87కీ. ఫ్యూజ్ కూడా బ్యాటరీకి జానెడు దూరంలోనే. ఇంత చేసి, తమరి నుంచి కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్ళే ఎర్త్ తీగని ఫ్రేమ్ మీదున్న ఒక బోల్టుకి బిగించి, ఇంటి ముందే నొక్కి చూశాను. "భోం" అన్నారు. గోడ మీద పిల్లి ఎటు దూకిందో తెలియదు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

మూడు కిలోమీటర్లు. అంతే. మూడు కిలోమీటర్లకి ఆ భోం కాస్తా టిక్ అయింది.

అసలు కోపం ఎక్కడంటే, పాత హారన్ ఉన్నప్పుడు నేను దాన్ని నమ్మేవాడినే కాదు. అది "పీ" అంటే పక్కన నడిచేవాడే తల తిప్పేవాడు కాదు. అందుకని కారు కనపడగానే నా చెయ్యి ముందు బ్రేకు మీదికి వెళ్ళేది. ఇవాళ కారు కనపడగానే ఎడమ బొటనవేలు ముందు వెళ్ళింది. నొక్కాను, టిక్. మళ్ళీ నొక్కాను, టిక్. ఆ రెండు టిక్‌లు అయ్యాక గానీ నాకు బ్రేకు ఉందని గుర్తుకు రాలేదు. బంపర్‌కీ నా మోకాలికీ మధ్య బెత్తెడు జాగా. డ్రైవర్ అద్దం దించి "హారన్ కొట్టొచ్చుగా" అన్నాడు.

హారన్ కొట్టొచ్చుగా! నాతో! రెండు వారాలు, నాలుగున్నర గంటలు, మూడు వేళ్ళకి గీతలు, ఇన్ని పెట్టి నిన్ను తెచ్చుకున్న నాతో! ఏంరా, నీకు గొంతు ఉండి ఎందుకు? అలంకారానికా? నీకంటే సైకిల్ గంట నయం, దానికి ఎర్త్ అక్కర్లేదు.

రాత్రి పదిన్నరకి టార్చ్ నోట కరుచుకుని నీ ముందు గొంతుక్కూర్చున్నాను. అనుమానం వచ్చి, ఒక తీగ ముక్కని నీ మైనస్ పిన్నుకి తగిలించి, రెండో కొస బ్యాటరీ మైనస్‌కి బిగించి, చెయ్యి చాచి బటన్ నొక్కాను. అరిచావు. నా చెవికి జానెడు దూరంలో. నీ 118 ఎక్కడ నిలబడి కొలిచారో అప్పుడర్థమైంది.

దొంగ దొరికాడు. ఫ్రేమ్ మీద పెయింట్. బోల్టు కింద, చిటికెనవేలి గోరంత మేర నల్లగా, నున్నగా మెరుస్తున్న, కరెంటుని పోనివ్వని పెయింట్. మధ్యాహ్నం ఏదో మరచుట్టు దగ్గర ఇనుము తగిలి పని నడిచింది, రోడ్డు మీద కుదుపులకి ఆ కాస్త పట్టూ పోయింది. ఇంత లావు గొంతున్నవాడివి ఒక పూత పొరకి నోరు మూసుకున్నావు.

గరుకు కాగితంతో ఇనుము తెల్లబడేదాకా గీకాను, పళ్ళున్న వాషర్ వేశాను. అయినా నమ్మకం చాలక ఆ తీగని కూడా బ్యాటరీ దాకా శాశ్వతంగా లాగేశాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నొక్కి చూద్దామని నొక్కాను.

ఏం గొంతురా నాయనా అది!

పై అంతస్తులో దీపం వెలిగింది. ఎదురింట్లో దీపం వెలిగింది. ఎక్కడో పసిపిల్ల ఏడుపు అందుకుంది. "ఎవడ్రా అది, ఈ టైములో?" అని పైనుంచి ఒక గొంతు. నేను టార్చ్ ఆర్పి, నీ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, చీకట్లో ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

ఇట్లు,
ఒక చెవి ఇంకా గుయ్యిమంటున్న నీ యజమాని

తా.క.: పాత హారన్‌ని పారేయలేదు. గుడ్డలో చుట్టి టూల్స్ డబ్బాలో పెట్టాను. నీకు కోపం వస్తే రానీ.